డాబా మీద గులాబీ మేఘాలు

అమ్మాయీ,

నీ కథ అందింది. తాత మాటలు బాగున్నాయి. మూడో పేజీలో మాత్రం నాకు చిర్రెత్తుకొచ్చింది. మనవరాలు డాబా మీద నుంచి బైనాక్యులర్స్‌తో ఓరియన్ నీహారికను, అంటే నక్షత్రాలు పుట్టే ఆ వాయు, ధూళి మేఘాన్ని చూస్తే "గులాబీ మేఘాలు సుడులు తిరిగాయి" అని రాశావు. నువ్వు చూశావా? ఫోన్‌లో ఫొటో చూసి రాసేశావు. 1,300 కాంతి సంవత్సరాల దూరమని సరిగ్గానే రాశావులే, అంకెలు ఎవరైనా వెతికి పెట్టగలరు.

ఆ గులాబీ అబద్ధమని కాదు. వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి అక్కడి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడబెరుకుతుంది. అవి మళ్లీ వచ్చి కలిసేటప్పుడు 656 నానోమీటర్ల ఎర్రటి కాంతి వస్తుంది. కెమెరా చాలాసేపు పోగుచేసుకుంటుంది కాబట్టి దానికి అందుతుంది. అంత మసక వెలుతురులో మన కంటికి ఆ ఎరుపు ఆనదు.

నేను మొదటిసారి చూసింది స్నేహితుడి నాలుగంగుళాల టెలిస్కోప్‌లో. పలక మీద రాసింది తడిచేత్తో తుడిస్తే మిగిలే మసక, అంతే. మధ్యలో నాలుగు నూకగింజల్లాంటి చుక్కలు, వాటినే ట్రపీజియం అంటారు. 'బూడిద మరక' అని రాసి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు (పేరెందుకులే) దాన్ని 'కెంపుల కొలిమి' చేసి అచ్చేశాడు. పాఠకుడికి రంగులు కావాలట! ముప్పయ్యేళ్లయింది, ఆ కొలిమి నన్నింకా కాలుస్తూనే ఉంది. 1659లో డచ్ ఖగోళ శాస్త్రవేత్త హైగెన్స్ అచ్చు వేయించిన ఈ నీహారిక బొమ్మలో ఆ చుక్కలు మూడే ఉన్నాయి. ఆయనకు మూడే కనిపించాయి, మూడే గీశాడు. నాలుగోది తర్వాతెప్పుడో చూశాడు.

ఇక ఆ నీహారికను 'తల్లి గర్భం'తో పోల్చావు. కొత్త నక్షత్రాలు ఎక్కువగా పుడుతున్నది ఆ వెలుగు వెనక ఉన్న చల్లటి చీకటి మబ్బులో. వెలుగు మాత్రం ముందు పుట్టినవాళ్లది, అందులోనూ చాలావరకు ట్రపీజియంలోని ఒక్క పెద్ద నక్షత్రానిది. పసి నక్షత్రాల చుట్టూ గ్రహాలు తయారయ్యే ధూళి పళ్లేలున్నాయని 1990లలో హబుల్ టెలిస్కోప్ చూపించింది. దగ్గర్లో ఉన్న పళ్లేలను ఈ పెద్దది తోకలొచ్చేలా ఊదేస్తోంది. అంటే పెద్దవాడు తమ్ముళ్ల కంచాలు ఖాళీ చేస్తున్నాడు! నీ కథలో తాతకు రావాల్సిన పొలాన్ని అన్న లాగేసుకోలేదూ? చేతిలో ఇది పెట్టుకుని గర్భం కోసం ఎక్కడికి వెళ్లావు?

జనవరిలో రాత్రి తొమ్మిదీ పదీ మధ్య డాబా ఎక్కు. ఫోన్ కిందే వదిలెయ్. లైట్లన్నీ ఆపి అరగంట కూర్చుంటే గాని కళ్లు చీకటికి అలవాటు పడవు. దక్షిణం వైపు బాగా ఎత్తులో, వరసగా ఉన్న మూడు చుక్కల కింద వెతుకు. సూటిగా చూస్తే మసక తగ్గిపోతుంది, కాస్త పక్కకి చూపు పెట్టి ఓరకంట చూడు. మర్నాడు ఆ ఒక్క పేరా తిరగరాసి పంపు.