కొట్టే పిల్లల దగ్గర ఉద్యోగమా, ట్రైనర్ సర్టిఫికెట్టా?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీ డిగ్రీ పూర్తి చేసింది. మానసిక సమస్యలున్న పిల్లలు ఉండే సెంటర్‌లో కేర్ స్టాఫ్‌గా చేరతానంటోంది. అలాంటి పిల్లలు కొడతారు, కొరుకుతారు అంటున్నారు, మాకు నిద్ర పట్టడం లేదు. దానికన్నా ఆన్‌లైన్‌లో అగ్రెషన్ మేనేజ్‌మెంట్ ట్రైనర్ సర్టిఫికెట్ చేసి స్టాఫ్‌కి క్లాసులు చెప్పుకుంటే సేఫ్‌గా, గౌరవంగా ఉంటుంది కదా? లేక నేరుగా మాస్టర్స్‌కి పంపమంటారా? మూడూ పోల్చి చెప్పండి. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, పోల్చి చెప్తాను కానీ మీ అసలు ప్రశ్న అది కాదు. మా పిల్లకి దెబ్బ తగులుతుందేమో అన్నదే మీ భయం, కోర్సులూ సర్టిఫికెట్లూ దాని చుట్టూ అల్లుకున్నవే. నర్సింగ్ చదివే పిల్లల ఇళ్ల నుంచీ సోషల్ వర్క్ చదివే పిల్లల ఇళ్ల నుంచీ నాకు ఇదే ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఏమీ కాదులెండి అని అబద్ధం చెప్పలేను. గీరుతారు, జుట్టు పట్టి లాగుతారు, ఒక్కోసారి కొరుకుతారు కూడా. కాకపోతే ఆ దెబ్బలు తగ్గుతాయా పెరుగుతాయా అన్నది చాలావరకు ఆ సెంటర్ తన స్టాఫ్‌ని ఎలా తయారు చేస్తుంది, షిఫ్ట్‌లో ఎంతమందిని ఉంచుతుంది అన్నదాని మీద ఉంటుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. "అలాంటి పిల్లలు" అన్నారు చూడండి, ఆ మాట మీ అమ్మాయి ముందు మాత్రం అనొద్దు. వాళ్లు కూడా ఎవరో ఒకరి పిల్లలే, వాళ్ల అమ్మలకి కూడా నిద్ర పట్టడం లేదు. పదేళ్ల పిల్లాడు కుర్చీ విసిరాడంటే ఊరికే విసరడు. మాటలు సరిగ్గా రాని పిల్లాడికి చెవిపోటో పంటినొప్పో వచ్చి ఉండొచ్చు, నాలుగు రోజులుగా విరేచనం అవ్వక కడుపు బిగిసి ఉండొచ్చు, రాత్రంతా నిద్ర లేకపోవచ్చు, ఇంతకుముందు దెబ్బలు తిన్న పిల్లాడైతే వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసినా ఉలిక్కిపడి కొట్టేస్తాడు. ఒక్కోసారి మందే కారణం అవుతుంది. మానసిక సమస్యలకి ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటి మందులతో కొందరికి అకథీసియా అని వస్తుంది, అంటే లోపల ఒకటే గాభరా, కూర్చోలేరు, నిలబడలేరు, తిరుగుతూనే ఉంటారు. తెలియని స్టాఫ్ దాన్ని పొగరు అనుకుంటారు, డోస్ పెంచమని కూడా అడుగుతారు, అది ఇంకా ఎక్కువవుతుంది. తెలిసిన అమ్మాయి ఒక్కతె షిఫ్ట్‌లో ఉంటే డాక్టర్‌కి సరైన మాట చేరుతుంది. మీ అమ్మాయి చేస్తానంటున్న పని అదీ, దాన్ని మీరు ఆయా పని అనుకుంటున్నట్టున్నారు.

ట్రైనింగ్ అంటే చాలామంది గట్టిగా పట్టుకోవడం నేర్పిస్తారు అనుకుంటారు. కాదు. మంచి ట్రైనింగ్‌లో ఎక్కువ టైమ్ గొడవ మొదలవకముందు ఏం చెయ్యాలో నేర్పడానికే పోతుంది. ఉదాహరణకి ఆట ఆపి గదికి వెళ్లే టైమ్ అయింది, పిల్లాడి పిడికిళ్లు బిగుసుకుంటున్నాయి, గొంతు పెరుగుతోంది. అప్పుడు స్టాఫ్ ఎదురుగా వెళ్లి నిలబడకూడదు, కాస్త పక్కకి, కాలు చాపినా తగలనంత దూరంలో, చేతులు కనపడేలా ఉండాలి, గుమ్మానికి అడ్డం రాకూడదు. ఒక్కళ్లే మాట్లాడాలి, అదీ చిన్న చిన్న మాటలు, మధ్యలో గ్యాప్ ఇస్తూ. శాంతంగా ఉండు, శాంతంగా ఉండు అని పదిసార్లు అంటే ఎవరూ శాంతించరు. ఇంకో స్టాఫ్ చుట్టూ చేరిన పిల్లల్ని మెల్లగా పక్క గదికి తీసుకెళ్లిపోతే, చూసేవాళ్లు లేక సగం వేడి అక్కడే దిగిపోతుంది. ఇంతా చేసినా కొరికాడనుకోండి, మనం చెయ్యి వెనక్కి లాక్కుంటాం, లాగితేనే కండ చీరేది. లాగకుండా చెయ్యిని మెల్లగా నోటివైపే నొక్కి ఉంచితే పట్టు వదులుతాడు. జుట్టు పట్టుకుంటే కూడా అంతే, అతని చేతిని మన తలకే అదిమి పట్టాలి. ఇవి చదివితే రావు, పక్కన మనిషిని పెట్టుకుని మళ్లీ మళ్లీ చేస్తేనే వస్తాయి, కొన్నాళ్లు చెయ్యకపోతే మర్చిపోతాం కూడా.

ఇక మీరు అడిగిన ట్రైనర్ సర్టిఫికెట్. ఈమధ్య అందరూ దాని మీద పడ్డారు, నాకైతే దాని మీద చాలా అనుమానాలున్నాయి. ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి, ఒక్క షిఫ్ట్ కూడా చెయ్యని మనిషి, ఏళ్ల తరబడి వార్డులో ఉన్నవాళ్లకి ఏం చెప్తుంది? గట్టున కూర్చుని ఈత నేర్పినట్టే ఉంటుంది. స్టాఫ్ మొదటి పది నిమిషాల్లోనే కనిపెట్టేస్తారు, మీరు కోరుకున్న గౌరవం అక్కడే పోతుంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 1980ల మొదట్లో పిల్లల సెంటర్ల స్టాఫ్ కోసమే థెరప్యూటిక్ క్రైసిస్ ఇంటర్వెన్షన్ అని ఒక ట్రైనింగ్ తయారుచేశారు, అలాంటి వాటిలో ట్రైనర్ అవ్వాలంటే ఎదురెదురుగా నేర్చుకోవాలి, పరీక్ష పాస్ అవ్వాలి, కొన్నాళ్లకోసారి మళ్లీ చేసి చూపించాలి. పైగా మంచి ట్రైనింగ్‌కి కూడా హద్దులున్నాయి. హెల్త్‌కేర్ సిబ్బంది మీద జరిగే దాడుల గురించి 2020లో వచ్చిన కొక్రేన్ సమీక్ష (అంటే ఒక విషయం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి చెప్పేది) చూస్తే, క్లాసుల వల్ల తెలివిడి కొంత పెరగొచ్చు గానీ దాడుల సంఖ్య తగ్గుతుందని గట్టిగా చెప్పలేకపోయారు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ముగ్గురు ఉండాల్సిన చోట ఒక్కళ్లని పెట్టి, ఆ ఒక్కళ్లకి ఎన్ని క్లాసులు చెప్తే మాత్రం ఏం లాభం?

నేను ఎక్కువ భయపడేది ఇంకో దానికి. సగం నేర్చుకున్న ట్రైనర్ పట్టుకునే పద్ధతులు నేర్పితే పిల్లల ప్రాణం మీదకి వస్తుంది. 1998లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్ కూరంట్ అనే పత్రిక పదేళ్ల లెక్క తీస్తే, బలవంతంగా పట్టి ఉంచినప్పుడో గదిలో ఒంటరిగా బంధించినప్పుడో చనిపోయినవాళ్లు 142 మంది తేలారు, అందులో పిల్లలు నాలుగో వంతుకి పైనే. 2000లో అక్కడ చట్టం తెచ్చి కట్టడి పెట్టాల్సి వచ్చింది. బోర్లా పడేసి వీపు మీద బరువు పెడితే ఊపిరి ఆగిపోతుంది, ఊపిరాడట్లేదు అని పిల్లాడు అరుస్తుంటే, అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టేగా అనుకోవడం ఎంత ప్రమాదమో ఈ పని తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్తారు. ఇంత బాధ్యత ఉన్న విషయాన్ని సేఫ్‌గా ఉంటుంది కదా అని ఎంచుకోకండమ్మా.

మాస్టర్స్ సంగతి తేలికే. తనకి క్లినికల్ వైపు వెళ్లాలని ఉంటే తప్పకుండా చెయ్యనివ్వండి, ముందు ఒక ఏడాదో రెండేళ్లో వార్డులో పనిచేసి వెళ్తే పుస్తకంలో ప్రతి పేజీకీ ఒక పిల్లాడి ముఖం గుర్తొస్తుంది. ఇప్పుడే వెళ్లినా నష్టమేం లేదు. ట్రైనర్ అవ్వడం కూడా మంచి దారే, కాకపోతే అది కొన్నేళ్లు పనిచేశాక వచ్చే దారి. పోలిక ఇంతే, మిగతాదంతా ఏ సెంటర్‌లో చేరుతుంది అన్నదాని మీద ఉంది.

అందుకని ఇంటర్వ్యూలో తనని కూడా అడగమనండి. చేరాక ఎన్ని రోజులు సీనియర్ పక్కన ఉంచుతారు? రాత్రి షిఫ్ట్‌లో ఎంతమంది ఉంటారు? పిలిస్తే ఎవరు వస్తారు, ఎంతసేపట్లో? పోయిన నెలలో ఎన్నిసార్లు పిల్లల్ని పట్టుకోవాల్సి వచ్చింది, ఆ లెక్క రాస్తారా? గొడవ అయ్యాక స్టాఫ్‌తోనూ పిల్లాడితోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడతారా, గొడవకి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని రాసుకుంటారా? దెబ్బ తగిలితే సెలవు, వైద్యం ఎవరు చూస్తారు? వీటికి సూటిగా జవాబు చెప్పే చోటైతే నిశ్చింతగా పంపండి. మా దగ్గర అలాంటివేం జరగవు అని నవ్వేస్తే మాత్రం చేరొద్దని చెప్పండి, అక్కడ జరుగుతాయి కానీ రాయరు.

ఇంకొకటి, ఈ పనికి బలం ఉన్న మగపిల్లలే కావాలి అని మీ ఇంట్లో ఎవరో అనే ఉంటారు. ఒంటిబలం మీద నమ్మకం ఉన్నవాళ్లే తొందరగా చెయ్యి వేస్తారు, గొడవ పెరిగేది అక్కడే. ఓపిగ్గా గమనించే పిల్ల, అవసరమైతే సిగ్గుపడకుండా సాయం పిలిచే పిల్ల ఇక్కడ బాగా నిలబడుతుంది. మీ అమ్మాయి అలాంటిదో కాదో నాకన్నా మీకే బాగా తెలుసు. ఇంటర్వ్యూకి మాత్రం తనని ఒంటరిగానే వెళ్లనివ్వండి.