ఆ నోటుబుక్కు వాడికి తిరిగి ఇచ్చేయండి

ప్రశ్న: మాది కొత్తపట్నం దగ్గర పల్లె. ఐదెకరాల్లో వనామి రొయ్యలు సాగు చేస్తున్నాను. మా అబ్బాయి పదో తరగతి 548 మార్కులతో పాసయ్యాడు. విజయవాడలో హాస్టల్ ఉన్న కాలేజీలో ఎంపీసీలో చేర్పించి, తర్వాత సీఎస్‌ఈలో ఏఐ చదివించాలని మా ఆశ. వాడేమో బైపీసీ తీసుకుని ఫిషరీస్ చదువుతానంటాడు. సెలవులొస్తే చాలు, చెరువు గట్టు మీదే ఉంటాడు. ఒక నోటుబుక్కులో ఏవో లెక్కలు రాస్తుంటాడు. తెరిచి చూస్తే, మబ్బు పట్టిన రోజుల పక్కన గుర్తులు పెట్టి, మర్నాడు చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత ఎంత మిగిలిందో రాశాడు. చదువు పాడవుతుందని ఆ పుస్తకం తీసి బీరువాలో పెట్టేశాను. రెండు కోర్సుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. వాడు నాలా కాకూడదు.

జవాబు: అన్నా, మీరు అడిగింది రెండు కోర్సుల గురించి. నేను మాత్రం మీ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. పిల్లల చదువు గురించి సలహా కోసం ఒంగోలులో నా ముందు కూర్చునే తండ్రులు చాలామంది ఇదే మాట అంటారు. పొగాకు బ్యారన్ ఉన్నవాళ్లూ అంటారు, చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లూ అంటారు. మీ భయం ఉత్తది కాదు. రొయ్యలకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి వారం తిరిగేలోగా చెరువు ఖాళీ అయితే ఆ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక రేట్లు ఎలా కోశారో మీకు నేను చెప్పక్కర్లేదు.

అయినా ముందు ఆ నోటుబుక్కు సంగతి మాట్లాడుకుందాం. పగలు ఎండలో చెరువులోని ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే కంటికి కనబడని నాచు, ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక తనే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. పగలు మబ్బు పడితే ఆ రాత్రి మరీ తగ్గుతుంది, రొయ్య మేత సరిగా ముట్టదు. పదో తరగతి పుస్తకంలో దీన్ని కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అంటారు. ఎంతోమంది పిల్లలు ఆ రెండు మాటలూ బట్టీ పట్టి, పరీక్షలో రాసి, మర్చిపోయారు. మీవాడు ఎవరూ చెప్పకుండా వాటిని మీ చెరువులో పట్టుకున్నాడు. మీరు దాన్ని తీసుకెళ్లి బీరువాలో దాచారు. కోపం తెచ్చుకోకండి, చదువు పాడవుతుందని అన్నారు చూడండి, మీరు దాచింది ఆ చదువునే.

నా సంగతి చెబుతాను. మాది మార్కాపురం. మా తాత పలకల రాయి చీల్చేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక ఉలి చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎక్కడ పడితే అక్కడ కొడితే రాయి ముక్కలైపోతుంది. అంచున పొర చూసి, అక్కడ ఉలి ఆనించి మెల్లగా తడితే రేకులా లేస్తుంది. ఎన్ని రాళ్లు పాడుచేశానో లెక్కలేదు. తాత ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ‘పొర చూడు’ అనేవాడు అంతే. తర్వాత హైస్కూల్లో సారు స్లేటు రూపాంతర శిల అని, పొరలు పొరలుగా చీలుతుందని చెబుతుంటే, ఆ క్లాసులో నా వేళ్లకు ముందే తెలిసిన విషయం అదొక్కటే. ఆ ఏడాది రాసిన మిగతా నోట్సులో ఏముందో ఇప్పుడు అడిగితే నేను చెప్పలేను.

పెద్దయ్యాక నేర్చుకున్నది ఇంకొకటుంది. దాని ఖరీదు మాత్రం వేరేవాళ్లు కట్టారు. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో కనిగిరి వైపు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. మేనమామతో కలిసి బోరు మోటార్లు బాగుచేసేవాడట. నేను మార్కులు చూసి కంప్యూటర్స్ అన్నాను. మూడో ఏడాదిలో బ్యాక్‌లాగులతో మానేసి, మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. ‘మార్కులెన్నని అడిగారు సార్, ఇంట్లో ఏం చేస్తుంటావని అడగలేదు’ అన్నాడు. ఇప్పుడు సొంతంగా వైండింగ్ షాపు నడుపుకుంటున్నాడు. వాళ్ల నాన్న కట్టిన మూడేళ్ల ఫీజు మాత్రం నేను తిరిగి ఇవ్వలేను. ఆ రోజు నుంచి ఏ పిల్లవాడు వచ్చినా నా మొదటి ప్రశ్న అదే.

ఇక ఏఐ. దాని మీద ఇష్టంతో వచ్చే పిల్లలను నేనే చేరమంటాను. నా అనుమానమంతా పేరు చూసి చేరడం మీదే. చాలా కాలేజీల్లో బ్రాంచి పేరు పక్కన ఏఐ అని కలిసింది. పాఠం చెప్పే సార్లు మారారా, ల్యాబు మారిందా అని ఎంతమంది తండ్రులు అడుగుతున్నారు? మీరు వెళ్తే అడగండి, పోయినేడు పాసైన నలుగురు పిల్లలతో ఫోన్లో మాట్లాడండి. కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్నచిన్న కోడింగ్ పనులు ఇప్పుడు ఆ ఏఐ టూల్సే చేసిపెడుతున్నాయి. మీవాడు ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్ల తర్వాత బయటికొస్తాడు. అప్పటికి ఆ ఉద్యోగాలు ఎలా ఉంటాయో నేను చెప్పలేను, అడ్మిషన్ కోసం మీ ఇంటికొచ్చిన పీఆర్వో కూడా చెప్పలేడు. ఆయన చెబుతున్నాడంటే నమ్మకండి.

ఫిషరీస్ కూడా బంగారు బాట కాదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కాలేజీ ఉంది, బైపీసీతో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు మీద సీటు, నాలుగేళ్ల కోర్సు. ప్రభుత్వ పోస్టులు కొద్దిగానే పడతాయి. రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలు, మేత తయారుచేసే ఫీడ్ కంపెనీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో పని దొరుకుతుంది, మొదట్లో జీతం తక్కువ. పైచదువుకు ముంబైలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈ ఉంది. రొయ్యల మీదే పరిశోధన చేయాలనుకుంటే చెన్నైలో 1987 నుంచి ఉప్పునీటి ఆక్వా సాగు మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ సీబా ఉంది. డాక్టర్ చదువు కోసమని బైపీసీలో చేరే పిల్లల మధ్య మీవాడు కాస్త ఒంటరిగా ఉంటాడు, అది ముందే చెప్పండి. పోలిక ఇంతే. నా మాట అడిగితే ఒంగోలులోనే బైపీసీలో చేర్పించండి, రోజూ ఇంటికి వచ్చేలా. పదిహేనేళ్లవాడికి చెరువును, మిమ్మల్ని ఒకేసారి దూరం చేయకండి.

ఇంకో సంగతి. ‘నాలా కాకూడదు’ అంటే అప్పుల్లో పడకూడదని మీ ఉద్దేశం. వాడికి వినబడేది వేరు. నాన్న పని తక్కువ పని, నాకు ఇష్టమైంది కూడా తక్కువదే అని వినబడుతుంది. నీటి రంగు చూసి చెరువు ఎలా ఉందో మీరు చెప్పగలరు. అది ఏ కాలేజీలో నేర్చుకున్నారు? పంట పోగొట్టుకుని, నిద్ర మానుకుని నేర్చుకున్నారు. వాడికి అది తక్కువ నష్టంతో అబ్బేలా చూడటం మీ ఒక్కరి వల్లే అవుతుంది.

ఈ రాత్రికే బీరువా తీయండి. పుస్తకం మీ చేత్తో ఇవ్వండి, వాళ్లమ్మ చేత పంపకండి. ఆ మబ్బు రోజుల పేజీ తెరిచి, వాడి పక్కన కూర్చుని, ఆ రోజుల్లో నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్నింటికి వేశారో, ఎందుకు వేశారో గుర్తున్నంత వరకు చెప్పండి. వాడి పుస్తకంలో ఆ కాలమ్ ఉండి ఉండదు.