పాటల నాటకం బాగోలేదన్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర ఊరు, డిగ్రీ చదువుతున్నా. కాలేజీ యాన్యువల్ డే కోసం పాటలతో ఒక నాటకం రాసి, బాణీలు కూడా నేనే కట్టాను. మా సార్ ఒకాయన చూసి, ఇందులో ఏం లేదు, పక్కన పెట్టు అన్నారు. మళ్లీ పెన్ను ముట్టలేదు. అమెరికాలో స్టీఫెన్ సోండ్‌హైమ్ అని, పాటల నాటకాలకు పాటల్లో మాటలూ బాణీలూ రెండూ తానే రాసేవాడట. ఆయన ఎలా నేర్చుకున్నాడు?

జవాబు: తమ్ముడూ, ఆయన నీకంటే ఎక్కువే చీవాట్లు తిన్నాడు. 1930లో న్యూయార్క్‌లో పుట్టాడు, అమ్మానాన్నలు విడిపోయాక తల్లితో పెన్సిల్వేనియాకు వెళ్తే, ఆ దగ్గర్లోనే ఆస్కార్ హామర్‌స్టీన్ ఉండేవాడు, అప్పటికే బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల్లో, మంచి పేరున్న పాటల రచయిత. పదిహేనేళ్ల వయసులో సోండ్‌హైమ్ తన స్కూల్ కోసం రాసిన సంగీత నాటకాన్ని ఎంతో ఆశగా ఆయనకిస్తే, నేను చదివినవాటిలో ఇంత చెత్త ఇంకోటి లేదన్నాడు. కాకపోతే అక్కడితో వదిలెయ్యలేదు, ఆ మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి మొదటి పేజీ నుంచి ఏది ఎందుకు నిలబడలేదో చెప్పాడు. మీ సార్ చెప్పనిది అదే. మళ్లీ వెళ్లి అడుగు, మొహమాటపడకు.

తర్వాత హామర్‌స్టీన్ నాలుగు పనులు పెట్టాడు: బాగా నచ్చిన నాటకానికి పాటలు కట్టడం, నచ్చినా లోపాలున్న నాటకాన్ని సరిచేస్తూ కట్టడం, నాటకం కాని కథను నాటకంగా మార్చడం, ఆ తర్వాతే సొంత కథ. మనోళ్లందరం నేరుగా నాలుగో దానికే దూకుతాం! మీ ఊరి వైపు ఆడే యక్షగానం ఏదైనా తీసుకుని అందులో ఒక్క ఘట్టానికి కొత్తగా పాట కట్టి చూడు. మన సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల ఫక్కీ తీసుకునే కదా పోరాట కథ చెప్పింది.

అంత సాధన చేసినా సోండ్‌హైమ్‌కు అన్నీ కలిసిరాలేదు. 1957లో 'వెస్ట్ సైడ్ స్టోరీ' నాటకానికి పాటల్లో మాటలు మాత్రమే రాశాడు, బాణీలు లెనార్డ్ బెర్న్‌స్టీన్ అనే సంగీతకర్తవి. మాటలూ సంగీతమూ రెండూ తనవే అయిన నాటకం బ్రాడ్‌వే ఎక్కింది 1962లో. 1981లో 'మెరిలీ వి రోల్ అలాంగ్' 16 ఆటలకే మూతపడితే ఇక నాటకాలే మానేద్దామనుకున్నాడు, కానీ తర్వాత చేసిన నాటకానికి 1985లో పులిట్జర్ వచ్చింది, అమెరికాలో రచనలకిచ్చే పెద్ద బహుమతి అది. ఆ 16 ఆటల నాటకమే 2023లో బ్రాడ్‌వేకి తిరిగొచ్చి, మరుసటేడు బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు కొట్టింది. చూడ్డానికి ఆయన లేడు, 2021లోనే పోయాడు.

నీ నాటకం పారెయ్యకు. ఒక్కో పాట తీసేసి చదువు, కథకు ఏ లోటూ రాకపోతే ఆ పాట అనవసరం. మిగిలినవి నాకు పంపు, చదివి ఎక్కడ తేలిపోయిందో రాస్తా.