పాత డాబాకి ఎల్‌ఈడీ లైట్లు పెట్టిస్తే బిల్లు తగ్గుతుందా? మా ఇంట్లో ఏమైందంటే

పాతికేళ్ల నాటి డాబా బాగు చేయిస్తున్నాం, లైట్లన్నీ ఎల్‌ఈడీ పెట్టించేస్తే బిల్లు ఎంత తగ్గుతుంది, ఎలాంటివి కొనాలి అని కదండీ మీరడిగింది. కోనసీమలో అంబాజీపేట దగ్గర మా ఇంటికి రెండేళ్ల కిందట ఇదే పని చేయించాం. నేను ఎలక్ట్రీషియన్ని కాను, డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నవాణ్ని. ఆ లెక్కలోనే చదవండి.

ముందు బిల్లు. మా హాల్లో రెండు ట్యూబ్‌లైట్లుండేవి. 36 వాట్ల ట్యూబు, దాని చోకు తినేది కలిపితే ఒక్కోటి దగ్గర దగ్గర 50 వాట్లు. దాదాపు అదే వెలుతురు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు ఇచ్చేస్తుంది. అంటే వంద వాట్ల చోట నలభై. అక్కడితో ఆగితే బాగుండేది. మా బావమరిది మాట విని ఫాల్స్ సీలింగ్ కొట్టించి, అందులో 12 వాట్ల డౌన్‌లైట్లు (సీలింగులో దిగేసి బిగించే గుండ్రటి లైట్లు) తొమ్మిది, చుట్టూ పది మీటర్ల ఎల్‌ఈడీ స్ట్రిప్పు పెట్టించాం. డౌన్‌లైట్లే 108 వాట్లు. స్ట్రిప్పు మీటరుకి పది చొప్పున ఇంకో వంద. పాత ట్యూబుల కంటే రెట్టింపు! పైగా అన్నిటికీ ఒకటే స్విచ్చు. పేపరు చదువుకోవాలన్నా హాలంతా పెళ్లిపందిరిలా వెలగాల్సిందే. తర్వాత సీలింగ్ రెండు చోట్ల కోసి, మూడేసి లైట్లకి ఒక స్విచ్చు చొప్పున విడదీయించుకున్నాం. ఆ ఖర్చు మీకొద్దు. గదిగదికీ మొత్తం వాట్లు ఎంతో ముందే కాగితం మీద కూడి చూసుకోండి.

మాకు నిజంగా మిగిలింది ఎక్కడో చెప్పనా? జీరో బల్బుల దగ్గర. పేరుకే జీరో, 15 వాట్ల దాకా లాగుతుంది. దేవుడి గదిలో ఒకటి, నడవలో ఒకటి తెల్లవార్లూ వెలిగేవి. రాత్రికి పది గంటలనుకున్నా నెలకి తొమ్మిది యూనిట్లు. ఇప్పుడు అర వాటు బల్బులున్నాయి. ఇంకోటి, మన ఉక్కపోతకి ఫ్యాన్లు రోజుకి పదహారు గంటలు తిరుగుతాయి. 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) పెడితే ఒక్కోదాని మీద నెలకి ఇరవై యూనిట్లు తగ్గుతాయి. డబ్బులు అంతంతమాత్రమైతే సీలింగ్ మానేసి ఫ్యాన్లు మార్చండి.

అయితే బల్బులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, గోడలు మాత్రం మళ్లీ మళ్లీ తవ్వలేం కదా. అందుకే వైరింగ్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను. కొత్త బల్బులు బిగించిన మొదటి రాత్రే మా అత్తగారు లేపారు. "స్విచ్చి కట్టేసినా బల్బు మిణుకుమంటోంది బాబూ, ఇంట్లో ఏదో ఉంది" అని. ఉన్నమాట నిజమే. పాత మేస్త్రి ఆ గది స్విచ్చిని ఫేజు (కరెంటు వచ్చే తీగ) మీద కాకుండా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద పెట్టేశాడు. స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు ఉంటూనే ఉంది. పాత 60 వాట్ల బల్బు ఆ చిన్న కరెంటుకి వెలగదు కాబట్టి ఇన్నేళ్లూ బయటపడలేదు, ఎల్‌ఈడీ బయటపెట్టింది. స్విచ్చి ఆపాం కదా అని బల్బు మార్చబోతే షాకు కొడుతుంది. (ఇండికేటర్ లైటున్న స్విచ్చి వల్ల కూడా ఇలా మిణుకుమంటుంది.) మీ మేస్త్రిని స్విచ్చి ఆపి, హోల్డరులో టెస్టరు పెట్టి చూడమనండి. పాత ఇంట్లో రెండు వైర్లే ఉంటే, ఇప్పుడే ఎర్తు వైరు కూడా లాగించేయండి. గదికో లైటు ఇన్వర్టరు లైనుకి వేయించండి. పది వాట్లవి ఆరు కలిపినా అరవై వాట్లే, బ్యాటరీకి పెద్ద బరువు కాదు. 1996 నవంబరు తుఫాను తర్వాత లాంతర్లతో గడిపిన రోజులు మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు.

గాలివానకి కొబ్బరి మట్ట తీగల మీద పడటం మనకి మామూలే. న్యూట్రల్ తెగిందంటే ఇంట్లోకి వచ్చే వోల్టేజి 230 దాటి ఎక్కడికో పోతుంది. అలా ఒక సాయంత్రం మా డౌన్‌లైట్లు ఐదు ఒకేసారి పోయాయి. ఎల్‌ఈడీలో ముందు చచ్చేది లోపలి డ్రైవరే, అంటే కరెంటుని ఎల్‌ఈడీకి సరిపడేలా మార్చే భాగం. కొట్టుకెళ్తే ఆ సైజూ లేదు, ఆ తెలుపూ లేదు. మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజి ప్రొటెక్టరు (వోల్టేజి హద్దు దాటగానే కరెంటు ఆపేసేది) పెట్టించుకోండి. డౌన్‌లైట్లు తప్పదంటే డ్రైవరు విడిగా ఊడొచ్చే రకం, రెండు ఎక్కువ కొనండి. మిగతాచోట్ల మామూలు హోల్డర్లే హాయి. బిగించిన తేదీ బల్బు మీద పెన్నుతో రాయండి, గ్యారంటీ అడిగేటప్పుడు పనికొస్తుంది.

వంటింట్లో మాత్రం పిసినారితనం వద్దు. డబ్బా మీద సీఆర్ఐ అని ఉంటుంది, రంగుల్ని ఎంత ఉన్నదున్నట్టు చూపిస్తుందో చెప్పే అంకె. అక్కడికి 90 ఉన్నది కొనండి. చవకబారు బల్బు కింద చేప మొప్పలు ఎర్రగా ఉన్నాయో, పాలిపోయాయో తెలిసేది కాదు మా ఆవిడకి. చేప పట్టుకుని అరుగు మీదకొచ్చి చూసుకునేది.

చివరగా వీధి గుమ్మం. కోతల ముందు చేలల్లోంచి వచ్చే పచ్చదోమలు మీకు తెలియనివి కావు. తెల్లటి 6500 కెల్విన్ లైటు గుమ్మం మీద పెడితే అన్నం కంచంలో కూడా అవే. మేం దాన్ని తీసి గేటు స్తంభానికి మార్చి, గుమ్మం దగ్గర 3000 కెల్విన్ పసుపు రంగుది పెట్టాం. దోమలు పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు అరుగు మీద కూర్చుని భోంచేయగలుగుతున్నాం.