నోటుపుస్తకంలో రాయని 16,000

ప్రశ్న: మాది కావలి, సొంత ఇల్లు. హైదరాబాద్‌ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి నాలుగేళ్ల రెండు నెలలయింది. మొదటి నుంచీ ఇంటి నుంచే పని. చేతికి 78,000 వస్తుంది, మూలవేతనం 39,000. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నారు. మరో కంపెనీ పూర్తిగా ఇంటి నుంచే పని ఇస్తానంటోంది, కానీ 62,000కే. నా భార్య ఇక్కడే ప్రైవేటు బడిలో టీచరు. జీతం 16,000. మానేసి వస్తానంటోంది. బాబుకు నాలుగేళ్లు. అమ్మకు షుగరు, ఊరు వదిలి రానంటోంది. అద్దెకు పన్ను మినహాయింపు కూడా ఉంటుంది కాబట్టి హైదరాబాద్ వెళ్లడమే లాభమా? లేక ఇక్కడే ఉండి, అప్పు చేసి మేడమీద ఆఫీసు గది వేసుకోమంటారా?

జవాబు: మీరు పంపిన నోటుపుస్తకం పేజీ ఫొటో చూశాను. ఎడమవైపు 78, కుడివైపు 62, మధ్యలో నిలువు గీత. అడుగున పెన్సిలుతో ‘అమ్మ మందులు 2,400’ అని రాసి సున్నా చుట్టారు. మీ భార్య జీతం మాత్రం ఏ వైపూ లేదు. నన్ను కలవరపెట్టింది అదే.

అందరూ వెళ్తే అద్దె, మెయింటెనెన్సు 22,000, రాకపోకలకు 4,000, అమ్మను చూసి రావడానికి 3,000 వేసుకోండి. 78,000లో మిగిలేది 49,000. కావలిలోనే ఉంటే 62,000కు ఆమె 16,000 కలిపి 78,000. నెలకు 29,000 తేడా! పాలు, కూరగాయలు, బాబు ఫీజు ఇంకా ఇందులో కలపలేదు. దయచేసి ఆమె చేత ఉద్యోగం మాన్పించకండి.

అద్దెతో పన్ను తగ్గుతుందన్న ఆశ వదిలేయండి. కొత్త పన్ను విధానంలో అద్దె భత్యానికి మినహాయింపు లేదు. అయినా 2025-26 నుంచి ఆ విధానంలో 12.75 లక్షల జీతం దాకా పన్నే పడదు. మీది అంతకన్నా తక్కువే.

మీరు రాయని దారి మరొకటి ఉంది, ఒక్కరే వెళ్లడం. భోజనంతో హాస్టల్ 9,000, నగరంలో తిరగడానికి 3,000, వారం వారం ఊరికి రావడానికి 4,000. ఇద్దరి జీతాలు 94,000లో ఈ ఖర్చులు 16,000 పోతే 78,000. అంటే కొత్త ఉద్యోగంలో మిగిలేదే ఈ దారిలోనూ మిగులుతుంది.

అప్పుడు తూకం గ్రాట్యుటీ వైపు, అంటే ఇప్పటి కంపెనీ వదిలేటప్పుడు సర్వీసుకు ఇచ్చే మొత్తం వైపు మొగ్గుతుంది. ఐదేళ్లు నిండితే ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కగట్టి ఇస్తారు. మీ మూలవేతనంపై అది 1,12,500. ఇంటి నుంచి చేసిన కాలమూ సర్వీసే. ఇంకా పది నెలలే ఉంది. అందుకే నా మాట: ఈ పది నెలలు మీరొక్కరే వెళ్లి రండి. మూడు రోజులు అక్కడ పనిచేసి, సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కావలి. మిగతా రోజుల పని ఇంటి నుంచే. బాబుకు దూరంగా ఉండటం కష్టమే, దానికి నేను ధర కట్టలేను. మీ మనసు అస్సలు ఒప్పకపోతే 62,000కే చేరండి, తప్పు లేదు. అయితే ‘ఇంటి నుంచే పని’ అన్నది నియామక పత్రంలో రాసి ఉండాలి, ఫోనులో చెప్పిన మాట చాలదు. పీఎఫ్ డబ్బు తీయకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి.

ఏ దారిలో వెళ్లినా అమ్మ పేరిట విడిగా ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. కంపెనీ బీమా ఉద్యోగంతోనే పోతుంది, కొత్త కంపెనీ తల్లిదండ్రులకు ఇస్తుందన్న నమ్మకం లేదు. ముందే ఉన్న షుగరుకు సొంత పాలసీలో మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం (ఆ జబ్బు ఖర్చులు బీమా ఇవ్వని కాలం) ఉండవచ్చు, ఎంత ముందు కొంటే అంత ముందు గడుస్తుంది. ప్రతిపాదన పత్రంలో షుగరు సంగతి దాచవద్దు. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

మేడమీద గదికి అప్పు ఇప్పుడు వద్దు. నిరుడు రోహిణి కార్తెలో రేకుల కింద పనిచేయలేకపోయానని రాశారు. కింది గదిలో ఒక మూల బల్ల వేసుకుని, మంచి ఇన్వర్టర్ కొనుక్కోండి. పది నెలల తర్వాత ఎక్కడ పనిచేస్తారో తేలాక ఆ గది సంగతి చూద్దాం.