తప్పు చేస్తున్నట్టు ఎందుకనిపిస్తుంది?

పెళ్లై ఆర్నెల్లయినా భర్త దగ్గరికొస్తే తప్పు చేస్తున్నట్టు ఉంటోందని రాశారు కదండీ. మీలో లోపమేం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి మెడికల్ షాపతను ప్యాడ్స్ ప్యాకెట్‌ని ఇప్పటికీ పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇస్తాడు, అడక్కుండానే. పాతికేళ్లు అన్నీ అలా దాచమని నేర్పి, మూడు ముళ్లు పడగానే మర్చిపొమ్మంటే ఎలా?

అనాదిగా ఇంతే అనుకోకండి. పురుషార్థాలు నాలుగింట్లో కామం ఒకటి. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన శృంగార కావ్యాన్ని 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. (ముఖం చిట్లించినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు లెండి.)

ముందు, తప్పు చేస్తున్నట్టు ఉంటోందన్న ఈ మాటే మీ ఆయనతో చెప్పండి. పడగ్గదిలో కాదు, సాయంత్రం చాయ్ తాగుతూ. నొప్పి కూడా ఉంటే మాత్రం గైనకాలజిస్టుకి చూపించుకోండి, అది సిగ్గు వల్లే కాకపోవచ్చు.