పాపకు ఖో అందని రోజు

అమ్మాయీ,

పాపను బడి ఖోఖో జట్టులోకి తీసుకున్నారనీ, వచ్చే నెల పక్క ఊరి బడితో మొదటి మ్యాచ్ ఉందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు తెగ టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. ఉద్యోగమంతా ఈ డెల్టా బడుల్లో పిల్లల్ని ఆడించడంతోనే గడిపినవాణ్ణి. అందుకే నువ్వు అడక్కపోయినా నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి వారంలోనే పాప ఒకరోజు ఏడుపు మొహంతో ఇంటికొస్తుంది. "నాకెవరూ ఖో ఇవ్వలేదమ్మా" అంటుంది. ఆ పూట నువ్వేమంటావన్నదే చాలా ముఖ్యం.

ఏడేళ్ల పిల్లకు ఆటంటే పరుగే. వీధిలో అయితే ఎప్పుడనిపిస్తే అప్పుడు లేస్తుంది, ఎటు బుద్ధి పుడితే అటు పరుగెడుతుంది. ఖోఖోలో తరిమే జట్టు తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది కూర్చునే ఉంటారు, ఒక్కరే పరుగెడతారు. పరుగెడుతున్న పిల్ల చెయ్యి వీపు మీద తగిలి, "ఖో" అని వినబడేదాకా కూర్చున్నవాళ్లు లేవకూడదు. అదే ఖో ఇవ్వడం, అప్పుడు తరిమే వంతు ఆ లేచిన పిల్లది. ముందే లేస్తే ఫౌల్. లేచాకైనా వాళ్లు కూర్చునే నడిమి పట్టీ దాటకూడదు. పట్టీ రెండు చివర్లా ఉండే స్తంభాల్లో ఒకదాని వైపు తిరిగితే అక్కడిదాకా వెళ్లాల్సిందే, మధ్యలో వెనక్కి మళ్లడానికి లేదు. తప్పించుకునే పిల్ల మాత్రం కూర్చున్నవాళ్ల మధ్యనుంచి ఎటు కావాలంటే అటు దూరిపోతుంది. చిన్నపిల్లకి ఇదంతా అన్యాయంగా అనిపిస్తుంది. అనిపించనీ, కొన్నాళ్లకు అలవాటవుతుంది.

కూర్చున్న పిల్లకు పనేమీ లేదనుకోకు. పక్కపక్క వాళ్లు ఎదురు దిక్కులకు మొహం పెట్టి గొంతుక్కూర్చుంటారు. కాబట్టి ఎవరికీ మైదానమంతా కనబడదు. తన వైపు ఏం జరుగుతోందో కళ్లతో పట్టుకోవాలి, తన వెనక ఏం జరుగుతోందో అడుగుల చప్పుడునుబట్టి పోల్చుకోవాలి. చెయ్యి తగిలిన క్షణంలో లేవడానికి కాళ్లు సిద్ధంగా ఉండాలి. ఆటంతా ఒక్క ఖో కూడా అందని పిల్ల కూడా ఇలా కాచుకుని కూర్చుంటే జట్టుకు చెయ్యాల్సింది చేసినట్టే. దిక్కులు చూస్తున్న పిల్లకు ఖో ఇస్తే దొరకాల్సిన మనిషి దొరక్కుండా పోతుంది.

అందుకని పాప ఏడుస్తూ వచ్చినప్పుడు "పోనీలే, రేపు ఇస్తార్లే" అని ఊరుకోబెట్టకు. "నువ్వు కూర్చున్న వైపుకి ఎవరొచ్చారు? ఎటు తప్పించుకున్నారు?" అని అడుగు. చెప్పడం మొదలుపెడుతుంది. చెబుతూ చెబుతూ తను ఏం చూసిందో, ఏం చూడలేదో తనకే తెలుస్తుంది. వెంటనే డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేసి "మా పాపకెందుకు ఛాన్స్ ఇవ్వలేదండీ" అని మాత్రం నిలదీయకు. "ఫలానా వాళ్లమ్మాయి కావాలనే మా పాపకు ఖో ఇవ్వట్లేదు" అన్న మాట నీ నోట అసలు రాకూడదు. ఆ మాటతో ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోవడం చాలాసార్లు చూశాను. పిల్లలు మర్నాటికే మళ్లీ కలిసి ఆడుకుంటారు.

సాయంత్రాలు పెరట్లో మీ మరిది పిల్లల్ని కూడా కూర్చోబెట్టి నలుగురితో చిన్న ఖోఖో ఆడించు. పిలుపు వినబడేదాకా ఆగడం ఒక్కటి వస్తే చాలు. వేగం తర్వాత అదే వస్తుంది.

మ్యాచ్ రోజు మైదానం గీత పక్కన నిలబడి కేకలు వెయ్యకండి. అల్లుడుగారికి కూడా ఈ మాట గట్టిగా చెప్పు. "లే, లే!" అని నాన్న అరిస్తే పాప లేస్తుంది, ఫౌల్ అవుతుంది, తప్పు పాపదంటారు. ఆ కాసేపూ పిల్లకు మాస్టారి గొంతు ఒక్కటే వినబడాలి. చప్పట్లు కొట్టండి, అవతలి జట్టు బాగా ఆడినా కొట్టండి. బండి మీద ఇంటికొచ్చేటప్పుడు ఆట విమర్శ పెట్టకండి. ముందు అన్నం పెట్టు. తనే చెబితే విను.

క్రికెట్టో బ్యాడ్మింటనో నేర్పిస్తే పేరొస్తుందని మీ మావగారు అంటున్నారట. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌ను మన అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరూ గెలిచారని, రెండు ఫైనల్స్‌లోనూ నేపాల్‌నే ఓడించారని ఆయనకు చెప్పు. మన అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ ఉన్న బ్యాడ్మింటన్ జట్టు 2022లో థామస్ కప్ గెలిచినప్పుడు మనమంతా ఎంత పొంగిపోయామో నాకూ గుర్తే. అలాగని ఏడేళ్ల పిల్లను పట్టుకుని "నువ్వూ సాత్విక్ అంత అవ్వాలి" అనడం నాకు నచ్చదు. ఇప్పుడు పాపకు కావాల్సింది రేపు మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లాలనే ఉబలాటం ఒక్కటే.

ఇక ఒంటి సంగతి. కాలి పట్టీలు, గాజులు, వేలాడే బుట్టలు తీసేసి పంపు. గోళ్లు కత్తిరించు, జడ పైకి మడిచి కట్టు. ఆటకు ముందు కడుపు నిండా అన్నం పెట్టకు, ఒక అరటిపండు చాలు. మన వైపు ఉక్కపోతకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో నీళ్లు తాగమను. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ ఇవ్వు. తల తిరుగుతోందన్నా, తలనొప్పి, వాంతి అన్నా ఆట ఆపించి నీడకు చేర్చి తడిగుడ్డతో ఒళ్లంతా తుడవండి. మాట తడబడితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మోకాలు చీరుకుపోతే శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో కడుగు. కాఫీపొడి, సున్నం లాంటివి అద్దకు. ధనుర్వాతం రాకుండా 5-6 ఏళ్లకు వేసే డీపీటీ బూస్టర్ టీకా పడిందో లేదో కార్డులో చూడు. చీలమండ బెణికితే ఐసు పెట్టు, ఎవరిచేతా లాగించొద్దు. వాన పడ్డాక మన నల్లమట్టి జారుతుంది, ఆ రోజు ఆట మానిపించినా తప్పులేదు.

నాకు అన్నిటికంటే భయం కాలువ. ఆట అయ్యాక పిల్లలంతా బురద కాళ్లతో రేవులోకి దిగుతారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు సరే, జూన్‌లో నీళ్లు వదిలాక వడి పైకి కనబడదు, కింద లాగేస్తుంది. మీ బడి గ్రౌండ్ కాలువ గట్టు పక్కనే ఉంది. బోరింగు దగ్గరే కాళ్లు కడుక్కోవాలని పాపకు చెప్పు. ఆట ముగిసిన దగ్గర్నుంచి పిల్లలు ఇళ్లకు చేరేదాకా ఎవరు చూసుకుంటారో మాస్టారిని అడుగు. ఎవరూ లేకపోతే తల్లులు వంతులు వేసుకోండి. మీ వీధి వాళ్లతో ఈ వారంలోనే మాట్లాడు.

మ్యాచ్ తేదీ ఖాయమయ్యాక నాకు ఫోన్ చెయ్యి. మీ అత్తగారికి, మావగారికి నా నమస్కారాలు చెప్పు. పాపకు ముద్దులు.

ఆశీస్సులతో,
పెద్దమావయ్య